మీసం మీద వేసిన పాచిక

ఒక పాచిక మీద ఒకే ఒక్క చుక్క పైకి తేలినందుకు మా బాపు బతికుండగానే పోయాడు. బాన్సువాడ బస్టాండు దగ్గర ఒక బట్టల దుకాణం షట్టరు సగంలోనే ఆగిపోయింది. నస్రుల్లాబాద్ నుంచి ఒక పెద్దమనిషి వానలో తడుస్తూ వచ్చాడు. బంతిపూల దండ కూడా వచ్చింది. ఇంత ఘనకార్యానికీ కారకుణ్ణి నేనే.

కంగారు పడకండి. నేనిది రాస్తున్న ఈ నిమిషంలో బాపు పక్కగదిలో ఉడకబెట్టిన పల్లీలు తింటూ, టీవీలో వార్తలు చదివే మనిషితో గొడవ పెట్టుకుంటున్నాడు. ఆయన క్షేమం. పోయింది నా పరువే.

అప్పట్లో నాకు రెండే ఆస్తులుండేవి. ఒకటి ఇంజనీరింగు పట్టా, రెండోది మీసం. పట్టా గోడకు వేలాడుతుండేది, మీసం నాకు. ఉద్యోగం ఇంకా దొరకలేదు. "మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె" అన్నారు పెద్దలు. మా ఇంట్లో మెతుక్కు కొదవ లేదు కాబట్టి నేను పూర్తిగా నూనె మీదే శ్రద్ధ పెట్టాను. కొసలు రెండూ తేలు కొండుల్లా పైకి లేచి ఉండేవి. రోడ్డు పక్కన నిలబెట్టిన ఏ బండి అద్దాన్నీ నేను ఊరికే దాటిపోయిన పాపాన పోలేదు. ఊళ్లో "శేఖర్ ఇల్లు ఎక్కడ?" అంటే "ఏ శేఖర్?" అనేవారు. "మీసాల శేఖర్" అంటే మాత్రం గుమ్మం దాకా వచ్చి దింపిపోయేవారు.

ఇక బాపు, అంటే మా నాన్న. హైస్కూల్లో హిందీ చెప్పి రిటైరైన మనిషి. బాన్సువాడలో ఆయన చేత చెవి మెలి వేయించుకోనివారు తక్కువ. తొందర అనేది ఆయన జాతకంలో లేదు. చాయ్ తాగే ముందు గ్లాసు బయట వేలు పెట్టి చూస్తాడు, తర్వాత ఊదుతాడు, తర్వాత ఇంకోసారి వేలు పెట్టి చూస్తాడు. ఆ తీరు చూసి నాకు నవ్వొచ్చేది. ఆ నవ్వే నా కొంప ముంచింది.

ఆ ఆదివారం పొద్దటి నుంచీ ముసురు. పెద్ద కొడప్‌గల్ నుంచి అక్క, గంగాధర్ బావ వచ్చి ఉన్నారు. కరెంటు పోయింది. దాని వెనకాలే ఫోన్లూ ఒక్కొక్కటిగా కళ్లు మూశాయి. బావ చాప మీద పడుకుని, బురదలో దిగబడిన తన ట్రాక్టరును ఎలా బయటికి లాగాడో మళ్లీ మొదలుపెట్టాడు. ఆ ట్రాక్టరు ఆ పాటికి మా ఇంట్లో చాలాసార్లు దిగబడి, చాలాసార్లు తేలింది. ఇంకోసారి దాన్ని లాగే ఓపిక మాలో ఎవరికీ లేదు.

నేను అటక మీది లూడో పెట్టె దింపాను. కాయలన్నీ ఎప్పుడో ఎలుకల పాలయ్యాయి. పాచిక ఒక్కటే మిగిలింది.

"గీ ఒక్కదానితోని ఏం ఆడుతరుర?" అంది అమ్మ.

"ఆడుతరే అమ్మా. హాస్టల్ల మేం రోజూ గిదే ఆడుతుంటిమి. చూడున్రి, శాన అల్క, చిన్నపోరగాండ్లు గూడ ఆడుతరు" అంటూ గురువు అవతారమెత్తాను. "నీ వంతు వచ్చినప్పుడు పాచిక ఎన్నిసార్లన్న ఎయ్యొచ్చు. పడ్డది పడ్డట్టు కలుపుకుంట పోవాలె. ఎప్పుడు ఇష్టమైతే అప్పుడు ఆపొచ్చు. ఆపితే నీ పాయింట్లు నీకు భద్రం."

"మరి ఎందుకు ఆపుతరు? ఏసుకుంటనే పోతె అయిపాయె!" అంది అక్క.

"ఆడనే ఉంది. నడుమ ఒక్కటి పడ్డదనుకో, ఆ వంతుల వచ్చినయన్ని పోతయి. ముందుటి వంతులల్ల భద్రం చేసుకున్నయే మిగులుతయి. ముందుగాల వందకు ఎవలు చేరితే వాళ్లు గెల్సినట్టు."

అంతా విని బాపు తలూపాడు. "అంటే బస్ అనుడు తెలిసినోనిదే ఆట."

హిందీ సారు కదా! ఆపేటప్పుడు "చాలు" అనకుండా "బస్" అనేవాడు. ఆ నిమిషం నుంచి ఆ ఆటకు మా ఇంట్లో అదే పేరయింది.

అమ్మ మొదట పాచికను పోపులో ఆవాలు వేసినట్టు వేసింది. అది ఎగిరి మంచం కిందికి పోయింది. అప్పటి నుంచి స్టీలు గ్లాసులో వేసి గిలకొట్టి బోర్లించడం పెట్టుకున్నాం. అక్క ప్రతిసారీ కళ్లు మూసుకుని వేసేది. బావ మాత్రం ట్రాక్టరు తోలినట్టే ఆడాడు. ఆపడం లేదు. వంతు వంతుకీ దిగబడ్డాడు.

బాపు ఆట చూసి తీరాల్సింది. గ్లాసు నెమ్మదిగా తిప్పేవాడు. పడిన చుక్కలు చూసి, మా ముఖాలు చూసి, కిటికీలోంచి వాన చూసి, "బస్" అనేవాడు. పదో పన్నెండో రాగానే బస్. ఇంకోసారి ఎనిమిదికే బస్.

"ఏంది బాపు, గంత భయపడుతవ్? నీ ఆట చూస్తుంటే నిద్రొస్తుంది" అన్నాను మీసం దువ్వుకుంటూ.

"పండు బిడ్డా. నీ వంతు వచ్చినప్పుడు లేపుత" అన్నాడు బాపు.

బావకు నా మీసం మీద పాత కసి. తన ముఖాన మూడు వెంట్రుకలు మొలిస్తే, నాలుగోది పెద్ద కొడప్‌గల్ దాటి బయటికి రానంటుంది. అందుకే నెమ్మదిగా పుల్ల పెట్టాడు. "బామ్మర్ది, గంత ధైర్యమున్నోనివి, ఉత్తగనే ఆడుతవా? ఓడితే ఏమిస్తవ్?"

నేను తడుముకోలేదు. "బాపు చేతిల ఓడిపోతే గీ మీసం తీసేస్త!"

అమ్మ చేతిలోని అటుకుల గిన్నె కింద పెట్టేసింది. "నోరు ముయ్యి! తండ్రి బతికుండంగ మీసం తీస్తరార ఎవలన్న? అయ్య పోతే తీస్తరు గా మీసం. మంచి శకునం మాట్లాడు!"

"ఓడితె గదనే తీసేది" అన్నాను. ఈ ప్రపంచంలో గొయ్యి తవ్వుకున్న ప్రతివాడూ పలుగు పట్టుకునే ముందు అన్న మాట ఇదే.

ఆట చివరికి వచ్చింది. అమ్మా అక్కా ఎక్కడో వెనకున్నారు. బావ బురదలోనే ఉన్నాడు. బాపు చీమలా కూడబెట్టుకుంటూ ఎనభై ఎనిమిదికి చేరాడు. నేను అరవై. వంతు నాది. గ్లాసు అందుకున్నాను. ఆరు! మళ్లీ ఆరు! ఐదు, నాలుగు, మళ్లీ ఆరు! ఎనభై ఏడు. ఇల్లంతా లేచి కూర్చుంది. మళ్లీ వేశాను, ఐదు. తొంభై రెండు.

"ఇగ బస్ బిడ్డా. చాలు" అన్నాడు బాపు.

వినే ముఖమేనా నాది? వేశాను, నాలుగు. తొంభై ఆరు.

"ఆపురా తమ్మీ! బాపుకు ఇంక పన్నెండు గావాలె!" అని అక్క చెయ్యి పట్టుకుంది. విదిలించుకుని వేశాను. మూడు. తొంభై తొమ్మిది!

ఇప్పుడు నా స్థితి జాగ్రత్తగా గమనించండి. గెలవడానికి నాకు కావలసింది ఒక్కటి. ఆ ఆటలో పడకూడనిది కూడా ఒక్కటే. రెండు పడినా గెలుపే, మూడు పడినా గెలుపే, ఆరు దాకా ఏది పడినా గెలుపే. ఆరు ముఖాల్లో ఐదు ముఖాలు నా బంధువులు. ఇలాంటప్పుడు ఆపేవాడు మగాడా? గ్లాసు తలపైకెత్తి, గుడిలో గంట కొట్టినట్టు ఆడించి, ఠప్పున బోర్లించాను. వెంటనే ఎత్తలేదు. ఒకసారి మీసం మెలేశాను. అప్పుడెత్తాను.

ఒక్క చుక్క. ఒంటికన్ను రాక్షసిలా నన్నే చూస్తోంది.

బావ అరుపుకు గోడ మీది బల్లి కింద పడింది. నేను తిరిగి అరవైకి వచ్చి పడ్డాను. బాపు గ్లాసు తీసుకుని ఐదు వేశాడు, రెండు వేశాడు, "బస్" అన్నాడు. నేను ఐదు వేసి, వెనకాలే మళ్లీ ఒక్కటి వేశాను. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, "గీ పాచికల ఏదో దోషమున్నది" అని దాన్ని వెలుతురుకు పట్టి చూశాను. తర్వాతి వంతులో బాపు నిదానంగా ఐదు వేసి వంద చేసి, గ్లాసు కడిగి పెట్టమని అమ్మకిచ్చాడు.

ఇక్కడితో ఆగినా బాగుండేది. ఎందుకంటే బాపు అన్నాడు: "మీసం నేనేం చేసుకుంటరా? ఉండనీ. ఆట ఆటనే."

అది ఎంత పెద్ద మనసో చూడండి. ఓడినవాడికి దారి చూపించాడు. నేనేమన్నాను? "లేదు బాపు. మాటంటే మాటనే!" ఆ రోజుకు బస్ అనే పదం నా చెవులకు ఎక్కకుండా పోయింది. పెరట్లోకి వెళ్లి, అద్దం గోడకానించి, రేజరు పెట్టాను. ఎడమ పక్క పోయింది. వద్దనుకున్నాను. కానీ సగం మీసంతో బతకడం ఎలాగో ఎవరూ చెప్పలేదు కదా! కుడి పక్కా పోయింది.

లోపలికి రాగానే అమ్మ నన్ను చూసి, "రామరామ" అని అటు తిరిగి కూర్చుంది. బావ చేసిన పని ఒకటే. కరెంటు రాగానే ఫోను తీసి ఫొటో కొట్టాడు. "ఊరందరికీ పంపుత బామ్మర్ది" అన్నాడు. అన్నంత పనీ చేసే ఉంటాడని నమ్మాను. ఇది గుర్తుంచుకోండి. తర్వాత జరిగిన ముప్పంతా ఈ నమ్మకంలోంచే పుట్టింది. నిజానికి బావ ఆ ఫొటో ఎవరికీ పంపలేదు. తిండి తిని పడుకున్నాడు.

తెల్లారి ఇంకా తుంపర పడుతోంది. నెత్తి మీద తువ్వాలు కప్పుకుని పాల ప్యాకెట్లకు బస్టాండు వైపు పోయాను. దారిలో యూసుఫ్ చాచా బట్టల దుకాణం. చాచా బాపుకు చిన్ననాటి స్నేహితుడు. బీదర్‌లో బిడ్డ ఇంటికి పోయి, ఆ పొద్దున్నే బస్సు దిగాడు. షట్టరు ఎత్తుతూ నన్ను చూశాడు. నెత్తి మీద తువ్వాలు చూశాడు. మూతి చూశాడు. ఆయన చెయ్యి షట్టరు మీదే ఆగిపోయింది.

"యా అల్లా... బేటా! ఎప్పుడు?"

బావ ఫొటో ఈయన దాకా పోయిందన్నమాట అనుకున్నాను. తల దించుకుని, "నిన్న పొద్దుగూకాల చాచా" అన్నాను.

"ఎట్ల జరిగింది?"

"ఏమున్నది? అందరం మంచిగ కూసొని ఆడుతున్నం. ఒక్కటి పడ్డది. అంతే. అంతా ఖతం."

"పడంగనేనా?"

"పడంగనే. రెండో మాటనే లేదు చాచా."

చాచా కళ్లల్లో నీళ్లు తిరిగాయి. నా మీసానికి ఊళ్లో ఇంత అభిమానం ఉందని నాకు అప్పటిదాకా తెలియదు.

"ఆఖర్ల బాపు ఏమన్న అన్నడా బేటా?"

"అన్నడు. 'ఇగ బస్ బిడ్డా, చాలు' అన్నడు. నేనే ఇనలే."

చాచా నన్ను గట్టిగా వాటేసుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. "అట్లనే పోతరు బేటా మంచోళ్లు... బస్ అనుకుంట పోతరు! అమ్మ ఎట్లున్నది?"

"రాత్రి తిండి తినలే. నా మొఖం గూడ చూస్త లేదు."

"ఎట్ల చూస్తది పాపం! అక్క, బావ?"

"అక్క ఊకుంది. బావ నవ్వుతుండు."

"నవ్వుతుండా?"

"పొద్దటిసంది నవ్వుడే."

చాచా తుండుతో కళ్లు తుడుచుకున్నాడు. "బాధ శాన ఎక్కువైతే కొందరికి గట్లనే అయితది బేటా. జర చూసుకోండ్రి. నువ్వు ఇంటికి నడువు, నేను నలుగురికి చెప్పి వస్త."

ఇంకా నలుగురికా, అని సిగ్గుపడ్డాను కానీ, పెద్దమనిషిని కాదనలేకపోయాను. పాల దుకాణంలో క్యూలో ఉన్నవాళ్లు పక్కకు జరిగి నన్ను ముందుకు పంపారు. చాయ్ హోటలతను బాపు దగ్గర చదువుకున్నవాడు. పిలిచి చాయ్ ఇచ్చి, "పైసలొద్దన్నా, సారు నాకు అక్షరం నేర్పిండు" అని ముఖం అటు తిప్పుకున్నాడు. సారు అక్షరాలకూ నా మీసానికీ సంబంధమేమిటో బోధపడలేదు. పోనీ, ఉచితంగా వచ్చిన చాయ్‌ను ప్రశ్నించడం ఎందుకని రెండోది కూడా తాగాను.

నేను ఇల్లు చేరేసరికి గేటు ముందు చెప్పులు. వాకిట్లో చాచా బంతిపూల దండ పట్టుకుని నిలబడ్డాడు. చుట్టూ బాపు పాత శిష్యులు, పక్క బజారు వాళ్లు. వంటింట్లో మిక్సీ మోతలో అమ్మకు ఏమీ వినబడలేదు. చేతులు తుడుచుకుంటూ అప్పుడే బయటికొచ్చి, అందరూ చేతులు కట్టుకుని నిలబడటం చూసి ఆశ్చర్యపోయింది.

"వాని తరఫున మాట్లాడనీకి గింతమంది వచ్చిన్రా? నేనేం ఇంట్లకెల్లి ఎల్లగొడుత లేను పోండి. మల్ల మొలుస్తయి తియ్యి!"

జనం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఈమెకు కూడా బాధ తలకెక్కినట్టుందని ఎవరో గుసగుసలాడారు.

అప్పుడే, చాచా ఫోను అందుకుని, నస్రుల్లాబాద్ నుంచి డ్రిల్లు సారు సాయన్న వానకు తడిసి ముద్దై వచ్చాడు. ఈయన, బాపు ఒకే బడిలో చేసినవాళ్లు, ఒకే డబ్బాలో అన్నం తిన్నవాళ్లు. సాయన్న సారు తన కొడుకు పెండ్లి కార్డులో బాపు పేరు అచ్చు వేయించడం మర్చిపోయాడు. బాపు పెండ్లికి పోలేదు. నువ్వెందుకు రాలేదని సాయన్న సారు, నా పేరెందుకు వేయలేదని బాపు. అంతే, ఏళ్ల తరబడి మాటల్లేవు. ఆ మనిషి ఇప్పుడు మా అరుగు మీద కూలబడి నెత్తి కొట్టుకుంటున్నాడు.

"తప్పు నాదే వదినా! పేరు మరిచింది నేను, మొండికేసింది నేను. హిందీ సారు అసొంటి మనిషి మల్ల పుట్టడు. ఒక్కసారి, ఒక్కసారి ఆయన మొఖం చూస్త..."

"చూడు. ఎవలొద్దన్నరు?"

పెరటి వైపు నుంచి బాపు. నడుముకు లుంగీ, భుజాన తువ్వాలు, చెవిలో సబ్బు నురుగు.

సాయన్న సారు తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది. చాచా అరుగు మీద చతికిలబడ్డాడు. కింద పడ్డా మీసాలకు మన్ను అంటలేదని బుకాయించేవాళ్లుంటారు. నాకా సౌకర్యం కూడా లేదు. పాల ప్యాకెట్లు చంకలో పెట్టుకుని తులసి కోట వెనక్కి జరిగాను.

బాపు జనాన్ని చూశాడు. దండను చూశాడు. నా నెత్తి మీద తువ్వాలునూ, బోడి మూతినీ చూశాడు. ఒక్క ప్రశ్న వెయ్యలేదు. ఆయనకు అంతా తెలిసిపోయింది. తిడతాడనుకున్నాను. ఎవరైనా తిడతారు. బాపు నెమ్మదిగా చెవి తుడుచుకుని, కుర్చీ లాక్కుని కూర్చుని మెడ ముందుకు వంచాడు.

"తెచ్చినవు గద యూసుఫ్ భాయ్, ఎయ్యి మరి. ఉత్తగ వాడిపోతది."

చాచా ఏడుస్తూనే నవ్వాడు. నవ్వుతూనే దండ వేశాడు. అప్పుడు పగిలిందండీ నవ్వు! బావ గడపలో కూర్చుని పొట్ట పట్టుకున్నాడు. అక్కకు ఎక్కిళ్లు పట్టుకున్నాయి. అమ్మ మాత్రం బాపు చుట్టూ ఉప్పు మిరపకాయలు తిప్పడానికి లోపలికి పరుగెత్తింది.

బాపు సాయన్న సారు వైపు తిరిగాడు. "ఊ, ఏమో అంటున్నవు. నా అసొంటి మనిషి..?"

"సచ్చినవనుకోని అన్ననయ్యా!" అన్నాడు సాయన్న సారు కోపంగా, కళ్లు తుడుచుకుంటూ.

"బతికినోనికి గూడ పనికొస్తయి. మల్ల అను."

సాయన్న సారు లేచి వచ్చి, తడి బట్టలతోనే, దండతో సహా బాపును కావలించుకున్నాడు. రాలిన బంతిపూలు ఇద్దరి కాళ్ల మీదా పడ్డాయి. బాపు చెయ్యి ఆయన వీపు మీద చాలాసేపు ఉండిపోయింది.

మరొకరైతే మమ్మల్నందరినీ అపశకునమని గడగడలాడించేవాడు. మా బాపు తనను చూసి ఏడవడానికి వచ్చినవాళ్లందరినీ వరుసగా కూర్చోబెట్టి చాయ్ పోయించాడు. మెడలో దండ తీయకుండానే పాచిక తెప్పించి, "గీ ఆట పేరు బస్" అని పాఠం మొదలుపెట్టాడు. ఒకప్పుడు చెవి మెలిపెట్టించుకున్న శిష్యులు ఇప్పుడు గ్లాసు గిలకొడుతూ, బాపు కళ్లెర్ర జేస్తే ఆపుతూ, నవ్వితే వేస్తూ మధ్యాహ్నం దాకా ఆడారు. పెద్దాయన ముందు కూర్చుని ఆడుతున్న ఆ ముఖాలను చూస్తే, ఊళ్లో ఆయన ఏం సంపాదించాడో నాకు మొదటిసారి కళ్లకు కట్టింది. సాయన్న సారు వరసగా మూడాటలు ఓడి, రోషమొచ్చి, "ఇగ నేను గూడ మీసం పందెం పెడుత!" అని లేచాడు.

బాపు ఆయన చెయ్యి పట్టి కూర్చోబెట్టాడు. "వద్దు సాయన్న. మీ నాయిన ఎప్పుడో పోయిండు. నీ మీసం పోతే ఏడ్వనీకి ఎవలొస్తరు?"

మీసం మళ్లీ మొలిచింది. ఉద్యోగం కూడా వచ్చింది. సాయన్న సారు ఇప్పటికీ వారానికోసారి వస్తాడు. ఏ తగువూ లేకపోతే కార్డు సంగతి తవ్వి మరీ తగువు పెట్టుకుంటాడు. అంతా సవ్యంగానే ఉంది. ఒక్కటే చిక్కు. అప్పుడప్పుడు సాయంత్రం చాయ్ తాగుతూ బాపు నా మూతి వైపు అదోలా చూస్తాడు.

"శాన దినాలాయెర, నలుగురు మన ఇంటికి రాక. ఒక ఆట ఏద్దామా?"

అందుకే మీ అందరి ఎదుటా, సంపెంగ నూనె సీసా ముట్టుకుని, నిండు మనసుతో ప్రమాణం చేస్తున్నాను. ఇక ముందు మా బాపు "బస్" అన్న చోట నా చెయ్యి ఆగుతుంది, నా నోరు ఆగుతుంది. ఆయన బతికుండగా నా మీసాన్ని ఏ పాచికకూ ఒప్పజెప్పను. బాపుకు మరీ జనాన్ని చూడాలనిపిస్తే కారు కిరాయికి తెచ్చి తిప్పుతాను గానీ, ఆయన్ని మళ్లీ చంపను.